అసలుకు తోడుండే నకలు

గండిపేట చెరువు కట్టపై నిలిచి ఈశాన్యంగా చూచినవారికి ఈనాడు కనిపించే దృశ్యం మన తాతతండ్రులు ఊహించినది కాదు. మెట్టచేలు, బండరాళ్లు, తుప్పలు ఉండిన కోకాపేటలో నేడు ఆకాశాన్ని అంటే మేడలు లేచినవి. 2023 ఆగస్టులో జరిగిన వేలంపాటలో అక్కడి నియోపోలిస్ స్థలాలలో ఒక ఎకరం నేల 100 కోట్ల రూపాయలకు మించిన ధర పలికినది. అంతకు ముందు, 2006లో జరిగిన వేలం తరువాత, అదే గ్రామపు భూముల హక్కును గురించి న్యాయస్థానాలలో చాలకాలం వ్యాజ్యాలు నడిచినవి. నేల ఎంత విలువైనదో, ఆ నేల ఎవరిదని చెప్పే నాలుగు పంక్తుల వ్రాత కూడ అంత విలువైనది. నేల కదలదు. వ్రాత మాత్రం చెరగవచ్చును, తడియవచ్చును, కాలిపోవచ్చును.

ఆ నాలుగు పంక్తులు ఈనాడు ఎక్కడ ఉన్నవి? ఒకప్పుడు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోని బరువైన పుస్తకంలో ఉండేవి. ఇప్పుడు సర్వరు అని పిలిచే యంత్రంలో, డేటాబేసు అనే పద్దుల కూర్పులో ఉన్నవి. భూమి పత్రాలేకాదు, మన బ్యాంకు నిల్వలు, రైలు టిక్కెట్లు, పిల్లల మార్కులు, ఆసుపత్రి చీటీలు అన్నీ ఆ విధంగానే ఉన్నవి. మరి ఆ యంత్రం రేపు ఉదయం పనిచేయకపోతే?

ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే తోడు సర్వరు. ముఖ్య సర్వరులో జరిగే ప్రతి మార్పును మరొకచోట ఉన్న ఈ రెండవ యంత్రం వెంటవెంటనే తనలో వ్రాసుకొంటూ ఉంటుంది. మొదటిది పడిపోయిననాడు రెండవది ఆ బాధ్యతను స్వీకరిస్తుంది. పైకి చూచేవారికి ఈ ఏర్పాటులో తోడు యంత్రమే ముఖ్యమైనదిగా తోస్తుంది. కాని నకలు నిలుస్తుందా నిలువదా అన్నది, అసలును చేత ఉంచుకొన్నవాడు ముందుగా చేసిన ఏర్పాటుపై ఆధారపడి ఉంటుంది. ఈ సత్యం కంప్యూటర్లతో పుట్టినది కాదు. దీని వెనుక చాల పాత చరిత్ర కలదు.

గండిపేట కట్టయే ఇందుకు మొదటి సాక్షి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదు నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి సంవత్సరం వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరంలో నది ఒడ్డున గోడలు కట్టి ఊరుకొనుట చాలదనీ, నగరానికి ఎగువనే నీటిని ఆపే జలాశయాలు కావలెననీ సూచించినారు. అట్లు 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు సిద్ధమైనవి. ఆపద దిగువన వచ్చినా, దాని నివారణను ఎగువన అమర్చవలెను. మన ప్రసంగవిషయానికి కూడ ఇదే మూలసూత్రం.

వ్రాతను కాపాడుకొనుటలో మన పూర్వులు మొదట నమ్మినది పదార్థం గట్టిదనాన్ని. తాటాకు చెదలకు ఆహారమవుతుందని రాగిరేకులపై చెక్కించినారు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల కెక్కించి తిరుమల ఆలయంలోని అరలో భద్రపరచుటవల్లనే అవి నాలుగు శతాబ్దులకు పైగా నిలిచి ఇరువదవ శతాబ్దంలో తిరిగి వెలుగు చూచినవి. రెండవ మార్గం ప్రతులను పెంచుట. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు ప్రతులు వ్రాయించినాడు. ప్రతులను సరిపోల్చి పాఠాలను దిద్దించినాడు. ఆయన శ్రమ లేకపోతే మన వాఙ్మయంలో ఎంత భాగం చెదల పాలయ్యెడిదో చెప్పలేము.

కాని కావ్యానికి నకలు వ్రాయుట వేరు, లెక్కలకు నకలు వ్రాయుట వేరు. కావ్యం ఒకసారి పూర్తి అయినది. దాని నకలు ఎన్నడు వ్రాసినా చెల్లుతుంది. లెక్క అట్లు కాదు. అది రోజురోజుకు మారుతుంది. నిన్న వ్రాసిన నకలు నేటి అసలుకు సరిపోదు. కాబట్టి లెక్కకు తోడుగా ఉండే నకలు దానితోబాటు నడవవలెను.

ఈ నడిచే నకలును మన గ్రామ పరిపాలన ఎరుగును. గ్రామంలో కరణంగారు గాని పట్వారీగారు గాని లెక్కలు వ్రాసేవారు. ఏటా జమాబందీ సమయంలో ఆ లెక్కలు తాలూకా కచ్చేరికి చేరేవి, అక్కడ సరిచూడబడేవి. అంటే తాలూకా కచ్చేరిలోని పద్దు గ్రామలెక్కకు ఒక సంవత్సరం వెనుకబడి నడిచే తోడు అన్నమాట. నడుమ ఆ గ్రామంలో ఇల్లు కాలితే ఆ సంవత్సరపు లెక్క కాలినట్లే. 1984లో ఆంధ్రప్రదేశంలో ఆ వంశపారంపర్యపు ఉద్యోగాలు రద్దైనవి. లెక్క మరొక చేతికి మారినది. ఎడం ఎంత అన్న ప్రశ్న మాత్రం మిగిలినది.

రిజిస్ట్రేషను చట్టం ఈ విషయాన్ని మరింత స్పష్టంగా పట్టుకొన్నది. మూసీ వరద వచ్చిన 1908వ సంవత్సరంలోనే ఆ చట్టం వెలువడినది. దాని ప్రకారం స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజును కార్యాలయంలోని 1వ పుస్తకంలో అక్షరం పొల్లు పోకుండ ఎత్తి వ్రాయవలెను. పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తిని బట్టి మరొక సూచిక ఉండవలెను. ఇంతవరకు అందరకు తెలిసినదే. ఆ చట్టంలోని 64, 65 సెక్షనులు అంతగా చర్చకు రావు. ఆస్తి ఒకటికంటె ఎక్కువ సబ్‌జిల్లాలలో వ్యాపించి ఉంటే, దస్తావేజును నమోదు చేసిన అధికారియే తక్కిన కార్యాలయాలకు దాని వివరం వ్రాసి పంపవలెను. ఇతర జిల్లాలకు వ్యాపించి ఉంటే దస్తావేజు నకలునే పంపవలెను. అందుకొనవలసినవాడు వచ్చి అడుగుతాడని చట్టం అతనిమీద భారం పెట్టలేదు. మొదట వ్రాసినవానిమీదనే పెట్టినది.

ఆ పుస్తకాల పరిస్థితి ఎట్లుండేదో నేను చిన్నతనంలో ఒకసారి చూచినాను. మా తండ్రిగారు ఇంటిస్థలం ఒకటి అమ్మదలచి ఒక రిజిస్ట్రేషను కార్యాలయానికి వెళ్లినారు. ఈ.సి. అని జనం పిలిచే ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు కావలసి వచ్చినది. గుమాస్తా పాత పుస్తకాలు దింపి చూడగా, కావలసిన సంవత్సరపు పుటలు వానకు తడిసి ఒకదానికొకటి అంటుకొని ఉన్నవి. అక్షరాలు అలుక్కుపోయినవి. బేరం నెలల తరబడి ఆగినది. చివరకు మా బామ్మగారి ట్రంకుపెట్టెలో అడుగున దొరికిన అసలు దస్తావేజు మమ్ములను గట్టెక్కించినది. ఆనాడు మా తండ్రిగారు అన్న మాట నాకు జ్ఞాపకమున్నది: “పెట్టె అడుగున ఉన్నది గనుక సరిపోయినది, లేకపోతే మన మాట ఎవరు నమ్ముతారు?” 2024 జులై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో నిప్పు రగిలి భూమి దస్త్రాలు కాలినవన్న వార్త విన్ననాడు నాకు మరల ఆ మాటయే తోచినది.

1998లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వం రిజిస్ట్రేషను శాఖలో కార్డు అనే కంప్యూటరు పథకాన్ని ప్రవేశపెట్టినది. చేతితో ఎత్తి వ్రాయుట పోయి, దస్తావేజు ఛాయాచిత్రం యంత్రంలో చేరినది. రోజులు పట్టే పని గంటలలో కాసాగినది. ఆ సంవత్సరమే నవంబరులో మాదాపురంలో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైనది. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. అనే పరిశోధన సంస్థ, 1999లో బ్యాంకులను కలిపే ఇన్‌ఫినెట్ వలయాన్ని నడపసాగినది. తరువాత జాతీయ సమాచార కేంద్రంవారి డేటా కేంద్రం ఒకటి హైదరాబాదులో వెలసినది. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్‌వారు తమ హైదరాబాదు ప్రాంతాన్ని, ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు మండలాలతో ప్రారంభించినారు. మాదాపురంలో మొదలైన ఆ వరుస గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా కోకాపేట దాక సాగినది. నకలు గుమాస్తా కలం ఈ విధంగా యంత్రానికి చేరినది. యంత్రం ఆ పని ఎట్లు చేస్తుందో ఇక చూడవలెను.

ఇందులో మర్మం మన వర్తకులకు తెలిసినదే. కొట్టులో రెండు పుస్తకాలుంటవి. బేరం జరిగిన వెంటనే జరిగిన వరుసలో వ్రాసుకొనేది చిట్టా. తీరిక చూచుకొని పేరుపేరునా విడదీసి ఎత్తి వ్రాసేది ఆవర్జా. ఎవరి బాకీ ఎంత అని తెలియవలెనంటే ఆవర్జా చూడవలెను. కాని ఆవర్జా పాడైతే చిట్టాను మొదటినుండి చదువుకొని మరల ఆవర్జా కట్టవచ్చును. చిట్టా పోతే మాత్రం దిక్కులేదు. అందుచేత తెలిసిన వర్తకుడు ముందు చిట్టాలో వ్రాయనిదే సరుకు కదలనీయడు.

డేటాబేసు శాస్త్రజ్ఞులు సరిగా ఈ నియమాన్నే ఆశ్రయించినారు. 1970 దశకంలో అమెరికాలోని ఐ.బి.ఎం. ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేసును నిర్మించినవారిలో జిమ్ గ్రే ఒకడు. ఒక లావాదేవీ జరిగితే పూర్తిగా జరగవలెను, లేకపోతే అసలు జరగనట్లే ఉండవలెను అనే సూత్రానికి ఆయన గట్టి పునాది వేసినాడు. 1998లో ట్యూరింగ్ పురస్కారం పొందినాడు. 2007 జనవరిలో ఒంటరిగా పడవపై సముద్రంలోకి వెళ్లి మరి తిరిగి రాలేదు. మదరాసు ఐ.ఐ.టి.లో చదివి ఐ.బి.ఎం.లో చేరిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రకటించిన ఏరీస్ పద్ధతి, పడిపోయిన డేటాబేసును చిట్టా సాయంతో తిరిగి నిలబెట్టే విధానాన్ని శాస్త్రబద్ధం చేసినది. ముందు చిట్టా, పిదప ఆవర్జా అనే ఈ నియమానికి ఆంగ్లంలో రైట్ అహెడ్ లాగ్ అని పేరు. పొడి అక్షరాలలో వాల్ అంటారు.

ఇక్కడ ఒక చక్కని ఆలోచన పొడసూపినది. చిట్టా చదివి పాడైన ఆవర్జాను తిరిగి కట్టవచ్చునన్నప్పుడు, అదే చిట్టాను మరొక ఊరికి పంపితే అక్కడ మరొక ఆవర్జాను కట్టవచ్చును గదా! తోడు సర్వరు పుట్టుక ఇదే. అది అసలు యంత్రంలోని పద్దులను చూచి నకలు తీయదు. అసలు యంత్రం పంపిన చిట్టాను అందుకొని, అదే వరుసలో తానూ వ్రాసుకొంటుంది.

కంపెనీలు అమ్మే డేటాబేసులు కొన్ని ఈ పని ముందునుంచీ చేసేవి. ధర చెల్లించనక్కరలేనిదీ, ఎవరైనా విప్పి చూడదగినదీ అయిన పోస్ట్‌గ్రెస్ చరిత్ర మనకు మరింత బోధకరం. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన అది మొదలైనది. 1996 నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరుతో దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తల చేతులలో పెరిగినది. 2001లో దానికి చిట్టా వచ్చినది. 2005లో నిండిన చిట్టాలను దాచిపెట్టి, కోరిన క్షణం వరకు డేటాబేసును తిరిగి కట్టుకొనే వీలు కలిగినది. 2010 సెప్టెంబరులో వెలువడిన 9.0 సంచికలో రెండు కొత్త శక్తులు చేరినవి. జపానుకు చెందిన ఫుజీ మసావో కృషివల్ల చిట్టా పుస్తకం నిండేవరకు ఆగకుండా, పంక్తి వ్రాయగానే దానిని ప్రవాహంగా పంపుట సాధ్యమైనది. ఆంగ్లేయుడైన సైమన్ రిగ్స్ కృషివల్ల తోడు సర్వరు నకలు వ్రాసుకొంటూనే అడిగినవారికి పద్దులు చదివి చెప్పుట సాధ్యమైనది. 2011లో, నకలు చేరినదన్న కబురు వచ్చేవరకు అసలు సర్వరు వేచియుండే పద్ధతి కూడ వచ్చినది.

శక్తి ఉన్నంతమాత్రాన రక్షణ కలుగదు. ముఖ్య సర్వరులో కొన్ని ఏర్పాట్లు ముందుగా చేయవలెను. అవి ఐదింటిని వరుసగా మనవి చేస్తాను.

మొదటిది, చిట్టాలో ఎంత వివరం వ్రాయవలెనన్నది. ఈ ఏర్పాటుకు వాల్ లెవెల్ అని పేరు. తన ఇంటిలో తాను చదువుకొనుటకు చాలినంత క్లుప్తంగా వ్రాస్తే, ఆ చిట్టాతో మరొకడు ఆవర్జా కట్టలేడు. పరాయివాడు చదివినా అర్థమయ్యేటట్లు వ్రాయవలెను. చాలకాలం వరకు పోస్ట్‌గ్రెస్ తనంతట తాను క్లుప్తంగానే వ్రాసేది. 2017 అక్టోబరులో వచ్చిన 10వ సంచిక నుండి, ప్రత్యేకించి చెప్పకపోయినా, నకలుకు చాలినంత వివరంగా వ్రాయుట మొదలుపెట్టినది.

రెండవది, చిట్టాను మోసుకొనిపోయే బంట్రోతులెందరన్నది. ముఖ్య సర్వరులో ఒక్కొక్క తోడు కొరకు ఒక్కొక్క పంపకపు ప్రక్రియ ఉండవలెను. దాని హద్దును మాక్స్ వాల్ సెండర్స్ అంటారు. 10వ సంచికకు ముందు దాని సహజవిలువ సున్న. అంటే సర్వరును నెలకొల్పినవాడు శ్రద్ధ వహించి మార్చకపోతే చిట్టా గడప దాటేది కాదు. ఇప్పుడు సహజవిలువ 10. తోడులెన్ని ఉన్నవో, మొదటిసారి మొత్తం నకలు తీసుకొనుటకు ఎన్ని అవసరమో లెక్కించి, పైన ఒకటిరెండు మిగులు ఉంచవలెను. ఈ రెండు ఏర్పాట్లను మార్చవలెనంటే సర్వరును ఆపి మరల ప్రారంభించవలసి ఉంటుంది. అందుచేత వాటిని ఆపద సమయానికి వదలరాదు.

మూడవది, ఎవరికి ఇవ్వవలెనన్నది. చిట్టా అంటే ఇంటి రహస్యాలన్నీ. కాబట్టి నకలు అందుకొనుటకు మాత్రమే అధికారంగల ఒక ప్రత్యేకమైన ఖాతాను తెరచి, అది ఏ చిరునామా నుండి, ఏ విధమైన సంకేతపదంతో వస్తే తలుపు తీయవలెనో ద్వారపాలకుని జాబితాలో వ్రాయవలెను. ఆ జాబితాకు పీజీ హెచ్‌బీఏ అని పేరు. ఎవరు వచ్చినా తలుపు తెరచే సర్వరు తోడును సంపాదించుకొన్నది కాదు, దొంగకు దారి చూపినది.

నాలుగవది, చదివినవాడు రాకముందే చిట్టాను చింపరాదన్నది. ఇది మన రేడియో శ్రోతలకు సులభంగా బోధపడుతుంది. మేము ఇక్కడ ప్రసంగిస్తాము. ఆ వేళకు మీ ఇంట విద్యుత్తు పోతే ఆ మాటలు మీకు దక్కవు. మీరు వినలేదని మాకు తెలియదు. తెలిసినా, పోయిన మాటను వెనుకకు పిలువలేము. సర్వరు కూడ పాత చిట్టా పుటలను, తనకు అవసరం తీరగానే, చోటు కలిసివస్తుందని తీసివేస్తుంది. ఆ సమయానికి తోడు సర్వరు తీగ తెగి దూరమై ఉంటే, తిరిగి వచ్చేసరికి నడిమి పుటలు ఉండవు. నడిమి పుటలు లేని చిట్టాతో ముందుకు సాగుట అసాధ్యం. మొత్తం నకలు మొదటినుండి తీసుకొనవలసినదే.

దీనికి మూడు విరుగుడులు కలవు. కొన్ని పుటలను ఎల్లప్పుడు మిగిల్చి ఉంచుట ఒకటి. నిండిన ప్రతి పుటను వేరొక భాండాగారంలో దాచుట రెండవది. 2014 డిసెంబరులో వచ్చిన 9.4 సంచికతో ఏర్పడిన రెప్లికేషన్ స్లాట్ మూడవది. స్లాట్ అంటే ఏ తోడు ఏ పుట దాక చదివినదో అసలు సర్వరు తన దగ్గర గుర్తుపెట్టుకొని, అతడు చదివేవరకు పుటలను కాపాడుట. ఇది మంచిదే. కాని తోడు సర్వరు ఇక రానేరాదనుకోండి. పుటలు పేరుకొని పేరుకొని గది నిండి, అసలు సర్వరే ఊపిరాడక ఆగిపోతుంది. అందువల్ల 2020లో వచ్చిన 13వ సంచికలో ఆ దాపుకు ఒక హద్దు నిర్ణయించే వీలు కల్పించినారు. అతిథి కోసం వేచియుండవలెను గాని, అతిథి పేర ఇల్లు మునగరాదు.

ఐదవది, వేచియుండుట. అసలు సర్వరు తన చిట్టాలో వ్రాసి వెంటనే “అయినది” అని చెప్పవలెనా, లేక తోడు సర్వరు కూడ వ్రాసుకొన్నానని కబురు పంపినదాక ఆగవలెనా? ఆగకపోతే వేగం, కాని ఆ క్షణంలో అసలు పడిపోతే చివరి కొన్ని పద్దులు గాలిలో కలుస్తవి. ఆగితే భద్రం, కాని దూరానికి వెల చెల్లించవలెను. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుండి బొంబాయి ఆకాశమార్గాన సుమారు 600 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు సెకనులో వేయింట 6 భాగాలైనా పట్టును. తీగ వంకరలు, నడిమి మజిలీలు కలిపితే ఇంకను ఎక్కువ. ఒక్క పద్దుకు ఇది లెక్కలోనిది కాదు. ఒకే ఖాతాపై వరుసగా వేలాది పద్దులు పడితే అది లెక్కలోనిదే. కాబట్టి పెద్ద సంస్థలు సాధారణంగా ఒక తోడును అదే నగరంలో మరొక భవనంలో ఉంచి దాని కబురుకై ఆగుతవి. మరొక తోడును దూరపు నగరంలో ఉంచి, అది ఒకటిరెండు సెకనులు వెనుకబడినా సహిస్తవి. ఆగవలసిన తోడు ఒక్కటే ఉండి అది పడిపోతే, అసలు సర్వరు కూడ ప్రతి పద్దుకూ నిలిచిపోతుంది. ఇద్దరిలో ఎవరు కబురు పంపినా చాలుననే ఏర్పాటు ఇందుకు మందు.

ఈ ఏర్పాట్లు లేనినాడు ఏమి జరుగునో ప్రపంచమంతా ఒకసారి చూచినది. కోకాపేట మేడలలోనూ, ఇతర దేశాలలోనూ పనిచేసే కంప్యూటరు నిపుణులు తమ వ్రాతలను దాచుకొనే గిట్‌ల్యాబ్ అనే సంస్థ ఒకటి కలదు. దాని డేటాబేసు పోస్ట్‌గ్రెస్. 2017 జనవరి 31వ తేదీన దాని ముఖ్య సర్వరుపై పని ఒత్తిడి మితిమీరినది. తోడు సర్వరు వెనుకబడినది. అది చదువవలసిన చిట్టా పుటలను ముఖ్య సర్వరు అప్పటికే తీసివేసినది. వాటిని వేరొకచోట దాచే ఏర్పాటు లేదు. కాబట్టి మొత్తం నకలు కొత్తగా తీయవలసివచ్చినది. ఆ ప్రయత్నంలో పంపకపు ప్రక్రియల హద్దు చాలదని యంత్రం మొరాయించినది. హద్దును 32కు పెంచి తిరిగి ప్రారంభింపబోగా, సంబంధాల సంఖ్య 8,000గా ఉండుటవల్ల సర్వరు లేవలేదు. దానిని 2,000కు తగ్గించినారు. అప్పుడు కూడ నకలు కదలినట్లు కనబడలేదు. అర్ధరాత్రి సమీపించినది. అలసియున్న ఇంజనీరు, తోడు సర్వరులోని పాత దస్త్రాలు అడ్డువస్తున్నవని భావించి వాటిని తుడిచివేయు ఆజ్ఞ ఇచ్చినాడు. ఆ ఆజ్ఞ ఇచ్చినది తోడు సర్వరులో కాదు, ముఖ్య సర్వరులో! ఒకటిరెండు సెకనులలో పొరపాటు గ్రహించి ఆపినాడు. అప్పటికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలినవి.

వారికి వేరే రక్షణ ప్రతులు ఉండవలసినవే. రోజూ తీయవలసిన ప్రతి, సాధనపు సంచిక సరిపడక, చాలదినాలుగా తయారు కావటమే లేదు. ఆ సంగతి చెప్పవలసిన హెచ్చరిక లేఖలు ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు మరొక పనికై ఒకరు తీసియుంచిన ప్రతి దొరికినది. సేవ తిరిగి ప్రారంభమగుటకు ఒక పగలంతా పట్టినది. ఆ ఆరు గంటల పద్దులు మాత్రం తిరిగి రాలేదు. సుమారు 5,000 ప్రాజెక్టులు, 700 మంది కొత్త సభ్యుల వివరాలు దెబ్బతిన్నవి. సంస్థవారు జరిగినదంతా దాచకుండ ప్రకటించినారు. ఆ ప్రకటన మనకు మేలు చేసినది. దానిని చదివితే మొదటి తప్పు ఆ అర్ధరాత్రి జరిగినది కాదని తెలుస్తుంది. పుటలను దాచే ఏర్పాటు, బంట్రోతుల లెక్క ప్రశాంతంగా ఉన్న ఒక పగటిపూట ముఖ్య సర్వరులో చేయవలసినవి. అవి ఆనాడు జరగకపోబట్టే ఆ రాత్రి వచ్చినది.

ఈ సందర్భంలోనే మరి రెండు మాటలు చెప్పుట అవసరం. తోడు సర్వరు విశ్వాసపాత్రమైన శిష్యునివంటిది. గురువు చేసిన తప్పును కూడ అక్షరాలా చేస్తుంది. ముఖ్య సర్వరులో ఎవరైనా ఒక పట్టికను పొరపాటున చెరిపివేస్తూ ఆజ్ఞ ఇస్తే, ఆ ఆజ్ఞ చిట్టాకెక్కి, మరుక్షణంలో తోడులో కూడ ఆ పట్టిక మాయమగును. కనుక వెంట నడిచే నకలు వేరు, వెనుకటి దినాన్ని దాచియుంచే నకలు వేరు. రెండును కావలెను. ఇక రెండవ మాట. అసలు పడిపోయినదని తోడును గద్దె నెక్కించిన తరువాత, పాత అసలు తేరుకొని నేనే ప్రభువునని మరల పద్దులు వ్రాయసాగితే, ఏది సత్యమో చెప్పగలవారుండరు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. పాతదానిని పూర్తిగా ఆపిన పిమ్మటనే కొత్తదానిని నిలబెట్టవలెను. తోడును ఎన్నడో ఆపదలో కాక, ఏడాదికి కొన్నిసార్లయినా కావలెనని గద్దె నెక్కించి పరీక్షించి చూచుకొనవలెను. పరీక్షించని తోడు, ఎన్నడూ విప్పి చూడని గొడుగువంటిది.

ఈ మాటలు సర్వరులను నడిపే ఇంజనీర్లకే గాని మనకెందుకని అనుకొనవచ్చును. ఆ సర్వరులలో ఉన్నవి మన పద్దులు. కోకాపేటలో ఇరువది ఏండ్ల వాయిదాలతో ఒక ఇంటిభాగం కొనుక్కొన్న గృహస్థునికి నిజంగా ఉన్న ఆస్తి, సిమెంటు గోడలతోబాటు, ఎక్కడో ఒక చిట్టాలో పడిన ఒక పద్దు. కార్యాలయాన్ని గాని, బ్యాంకును గాని “మీకు నకలు ఉన్నదా?” అని అడిగితే అందరూ ఉన్నదనే అంటారు. “ఆ నకలు ఎంత వెనుక నడుస్తున్నది? దానిని చివరిసారి ఎన్నడు నిలబెట్టి చూచినారు?” అని అడుగుట పౌరుల విధి. ఆ ప్రశ్నకు తడుముకొనకుండ సమాధానం చెప్పగలుగుట వారి విధి. ఈలోగా మన దస్తావేజులను మన పెట్టెలో పదిలంగా ఉంచుకొని, రిజిస్ట్రేషను అయిన వెంటనే ఒక ఈ.సి. తీసి సరిచూచుకొనుట తెలివైన పని.

వానలు కురిసి గండిపేట నిండిననాడు కట్ట తలుపులు తీయుట జనం వేడుకగా చూచివస్తారు. ఆ తలుపులు వరద వచ్చిననాడు బిగించినవి కావు. ఎగువన, ఎండకాలంలో, నీరు లేనినాడు, ఎవరో లెక్క వేసి అమర్చినవి. మన పద్దులను ఉంచిన అసలు యంత్రాలకు కూడ ఆ ఎండకాలపు పని జరుగుతూ ఉండవలెను.